చేయకపోయినా దొరికేదా?

(న్యాయశాస్త్రం, ఫోరెన్సిక్ సైన్స్ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇందాక పరిచయంలో నన్ను నిపుణుడు అన్నారు. నేను లెక్కలు చెప్పుకునేవాణ్ని, అంతే. కోర్టు సంగతి, ల్యాబ్ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా నేరుగా ఒక రేణువు దగ్గరికి వెళ్లిపోతాను.

1999 ఏప్రిల్‌లో లండన్‌లో జిల్ డాండో అనే టీవీ యాంకర్‌ని ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. బ్రిటన్‌లో అందరికీ తెలిసిన ముఖం ఆవిడది. దాదాపు ఏడాది తర్వాత పోలీసులు ఒకతని ఇల్లు సోదా చేసి కోటు ఒకటి పట్టుకెళ్లారు. ఆ కోటు లోపలి జేబులో, తుపాకీ పేలినప్పుడు వెలువడే రకం రేణువు దొరికింది. ఒకే ఒక్కటి. మిల్లీమీటరులో వందో వంతు సైజు ఉంటుంది, కంటికి ఆనదు. అందులోని రసాయనాలు హత్య జరిగిన చోట దొరికిన రేణువుల్లోని వాటితో సరిపోలాయి. 2001లో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. యావజ్జీవం వేశారు.

ఆ జ్యూరీలో మీరున్నారనుకోండి. ఒక నిపుణుడొచ్చి, నిందితుడి జేబులో తుపాకీ మందు రేణువు దొరికింది, ఘటనాస్థలంలోని దానితో సరిపోలింది అని చెబితే మీకేమనిపిస్తుంది? ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

కొన్నేళ్ల తర్వాత అక్కడి ఫోరెన్సిక్ శాస్త్రవేత్తలే ఆ రేణువును మళ్లీ లెక్కలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకున్నారు. మొదటిది: ఆ తుపాకీ పేల్చింది ఇతనే అయితే, అంతకాలం తర్వాత ఆ జేబులో ఇలా ఒకటీ అరా రేణువు దొరికే అవకాశం ఎంత? వందకి ఒకటి. అవి రాలిపోతాయి, దులిపితే పోతాయి, కాబట్టి అసలేమీ దొరక్కపోవడమే ఎక్కువ. రెండోది: ఇతను ఆ తుపాకీ ముట్టుకోనే లేదనుకుందాం. అయినా ఎక్కడి నుంచో వచ్చి చేరిన ఒక రేణువు ఆ జేబులో దొరికే అవకాశం ఎంత? అదీ వందకి ఒకటే.

వందకి ఒకటిని వందకి ఒకటితో భాగించండి. ఒకటి వస్తుంది. అంటే ఆ రేణువు అటు మొగ్గు చూపదు, ఇటు మొగ్గు చూపదు. దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. 2007లో అప్పీల్ కోర్టు శిక్ష రద్దు చేసింది. 2008లో మళ్లీ విచారణ జరిగింది, ఈసారి ఆ రేణువును జ్యూరీ ముందుకు తేలేదు. అతను నిర్దోషిగా బయటికొచ్చాడు.

రేణువు మారలేదు, మైక్రోస్కోప్ మారలేదు. మొదటి విచారణలో రెండో ప్రశ్నకి రావాల్సినంత ప్రాధాన్యం రాలేదు. నేనివాళ చెప్పదలచుకున్నదంతా ఆ రెండో ప్రశ్న గురించే. ‘చేసి ఉంటే ఇది దొరుకుతుందా’ అని అందరూ అడుగుతారు. ‘చేయకపోయినా దొరికేదా’ అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండు జవాబుల నిష్పత్తినే లైక్లీహుడ్ రేషియో అంటారు. పేరు చూసి కంగారు పడకండి, అందులో ఉన్నది ఒక్క భాగాహారమే. సాక్ష్యం బలం అంటే ఈ నిష్పత్తే. ఇది వెయ్యి వస్తే, ఈ సాక్ష్యం నేరం చేయనివాడి విషయంలో కన్నా చేసినవాడి విషయంలో వెయ్యి రెట్లు ఎక్కువగా కనబడుతుందని అర్థం. అతను నేరం చేసి ఉండే అవకాశం వెయ్యికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని మాత్రం అర్థం కాదు.

ఈ తేడా దగ్గరే కోర్టులు బోల్తా పడతాయి. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటాం కదా. మన తర్కశాస్త్రంలో పాఠం మొదలయ్యేదే ఈ పొగతో. పొగ ఉంటే నిప్పు ఉంది అనొచ్చు. మరి నిప్పు ఉంటే పొగ ఉంది అనొచ్చా? అనకూడదు అని పాతకాలపు పండితులు ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు. నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. వాక్యాన్ని తిరగేస్తే అర్థం మారిపోతుందని వాళ్లకి తెలుసు. అదే వాక్యంలోకి అంకెలు చేరేసరికి మనం మర్చిపోతాం.

బోర్డు మీద లెక్క వేద్దాం. ఇది ఊహించిన కేసు. పది లక్షల మంది ఉన్న నగరం. నేరం జరిగిన చోట డీఎన్‌ఏ దొరికింది గానీ పాడైపోయిన మరక కావడంతో ప్రొఫైల్, అంటే మనిషిని గుర్తుపట్టే డీఎన్‌ఏ గుర్తుల పట్టిక, సగమే వచ్చింది. అలాంటి సగం ప్రొఫైల్ లక్ష మందిలో ఒకరికి ఉంటుంది. ఒకతన్ని తెచ్చి పరీక్షిస్తే సరిపోలింది. ప్రాసిక్యూటర్ లేచి, ‘అయ్యా, ఇతను నిర్దోషి అయ్యే అవకాశం లక్షకి ఒకటి’ అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది.

కానీ మనుషుల్ని లెక్కపెట్టండి. లక్షకి ఒకరు చొప్పున పది లక్షల మందిలో ఏ పాపం తెలియకుండానే ఈ ప్రొఫైల్‌కి సరిపోలేవాళ్లు సుమారు పదిమంది ఉంటారు. అసలు నేరస్తుడితో కలిపి పదకొండు మంది. ఇంకే ఆధారమూ లేకపోతే మన ముందున్నవాడు ఆ పదకొండు మందిలో ఒకడు. నేరస్తుడయ్యే అవకాశం పదకొండుకి ఒకటి, తొమ్మిది శాతం. లక్షకి ఒకటి ఎక్కడ, పదకొండుకి పది ఎక్కడ! ‘నిర్దోషి అయితే సరిపోలే అవకాశం’ అనే అంకెను తీసుకెళ్లి ‘సరిపోలాడు కాబట్టి నిర్దోషి అయ్యే అవకాశం’ కుర్చీలో కూర్చోబెట్టారు. 1987లో థాంప్సన్, షూమన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ‘ప్రాసిక్యూటర్ భ్రమ’ అని పేరు పెట్టారు.

డిఫెన్స్ వైపు కూర్చున్నవాళ్లు నవ్వుతున్నారు. మీ భ్రమకి కూడా వాళ్లే పేరు పెట్టారండి. (నవ్వులు) డిఫెన్స్ లాయర్ లేచి, ‘పదకొండు మందిలో ఒకడు, కాబట్టి ఈ సాక్ష్యం దేనికీ పనికిరాదు’ అంటాడు. అదీ తప్పే. పరీక్షకి ముందు అతను పది లక్షల్లో ఒకడు. పరీక్ష తర్వాత పదకొండులో ఒకడు. ఇంత పని చేసిన సాక్ష్యాన్ని పనికిరానిది అంటే ఎలా?

ఇప్పుడు అదే కేసులో ఒక్కటి మారుద్దాం. నేరం తాళం వేసిన భవనంలో జరిగింది. ఆ రాత్రి లోపలున్నది ఇరవై మంది. అప్పుడు లెక్క పది లక్షలతో మొదలవదు, ఇరవైతో మొదలవుతుంది. మిగతా పందొమ్మిది మందిలో ఎవరికైనా కాకతాళీయంగా ఆ ప్రొఫైల్ ఉండే అవకాశం సుమారు అయిదు వేలకి ఒకటి. అదే మరక, అదే రిపోర్టు, అదే ‘లక్షకి ఒకటి’. కానీ అక్కడ తొమ్మిది శాతం, ఇక్కడ దాదాపు నూరు శాతం. మొదలు ఎక్కడన్నది ల్యాబ్ రిపోర్టులో ఉండదు. కేసులోని మిగతా ఆధారాల్లో ఉంటుంది. థామస్ బేయస్ అనే ఇంగ్లండ్ మతబోధకుడు రాసి పెట్టుకున్న వ్యాసం ఆయన పోయాక 1763లో అచ్చయింది. ఆయన పేరు మీద వచ్చిన సూత్రం చెప్పేది ఇదే. ముందున్న అంచనాను, అంటే ‘అవును’కీ ‘కాదు’కీ ఉన్న నిష్పత్తిని, సాక్ష్యం బలంతో గుణించు, తర్వాతి అంచనా వస్తుంది.

ఇక శాలీ క్లార్క్ కేసు. దీని గురించి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆపుకోలేను. ఇంగ్లండ్‌లో ఆవిడ ఒక లాయర్. 1996లో మొదటి పసివాడు, 1998లో రెండోవాడు పాలు తాగే వయసులోనే చనిపోయారు. ఇద్దర్నీ తల్లే చంపిందని కేసు. 1999లో విచారణ. రాయ్ మెడో అనే పేరున్న పిల్లల వైద్యుడు సాక్ష్యం చెప్పాడు. ఇలాంటి సంపన్న, పొగతాగని కుటుంబంలో కారణం తెలియకుండా పసిబిడ్డ పోయే అవకాశం 8,543కి ఒకటి, ఇద్దరు పోవాలంటే దాన్ని దానితోనే గుణించాలి, 7 కోట్ల 30 లక్షలకి ఒకటి అన్నాడు.

ఎందుకు గుణించాలి? ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేకపోతేనే గుణించాలి. ఒకే తల్లీ తండ్రీ, ఒకే ఇల్లు, ఒకే రక్తం. మొదటి బిడ్డను తీసుకెళ్లిన జన్యులోపమేదో రెండో బిడ్డకి కూడా ఉండొచ్చు. ఒక ఇంట్లో అలా ఒక బిడ్డ పోతే, రెండో బిడ్డకి కూడా ముప్పు మామూలుకన్నా ఎక్కువే.

సరే, ఆ అంకె నిజమే అనుకుందాం. అప్పుడు కూడా అది సగం లెక్కే. ఇద్దరు బిడ్డలు సహజంగా చనిపోవడం చాలా అరుదు, ఒప్పుకుందాం. కన్నతల్లి ఇద్దరు పసిపిల్లల్ని ఒకరి తర్వాత ఒకర్ని చంపడం మాత్రం రోజూ జరిగేదా? అదీ చాలా చాలా అరుదు. పిల్లలిద్దరూ పోయారన్నది జరిగిపోయిన నిజం. కాబట్టి రెండు అరుదైన కారణాల్లో ఒకటి జరిగే ఉంటుంది. ఏది ఎక్కువ అరుదు అన్నదే ప్రశ్న. ఆ కోర్టు గదిలో ఒక్క అంకే పలికారు, రెండో అంకె ఊసే ఎత్తలేదు. 2001లో బ్రిటన్ గణాంకవేత్తల సంఘమైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకెకు గణాంకశాస్త్రంలో ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. 2003లో ఆవిడ విడుదలైంది. శిక్ష రద్దుకి ముఖ్య కారణం, రెండో బిడ్డకి సంబంధించిన సూక్ష్మజీవుల పరీక్షల ఫలితాలు డిఫెన్స్‌కి ఇవ్వకపోవడం. ఈ గుణకారమూ తప్పేనని కోర్టు గుర్తించింది. 2007లో ఆవిడ చనిపోయింది.

గుణించడం అనే జబ్బు కొత్తది కాదు. 1964లో లాస్ ఏంజెలిస్‌లో ఒక వృద్ధురాలి పర్సు లాక్కుపోయారు. గడ్డమూ మీసమూ ఉన్న నల్లజాతి మగాడు, జుట్టు వెనక్కి కట్టుకున్న తెల్లజాతి అమ్మాయి, పసుపు కారు అని సాక్షులు చెప్పారు. ప్రాసిక్యూటర్ ఒక్కోదానికీ తనకు తోచిన అంకె వేసి, మీసానికి నాలుగులో ఒకటి, గడ్డానికి పదిలో ఒకటి అంటూ గుణించుకుపోయి కోటీ 20 లక్షలకి ఒకటి అని తేల్చాడు. గడ్డం పెంచేవాళ్లలో చాలామందికి మీసం కూడా ఉంటుందన్న సంగతి ఆయనకి పట్టలేదు. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. తీర్పుకి ఒక లెక్కల అనుబంధం కూడా జతచేసింది. ఆ ప్రాంతంలో కోటీ 20 లక్షల జంటలుంటే, ప్రాసిక్యూటర్ అంకెనే నమ్మినా, అలాంటి జంట ఇంకొకటి ఉండే అవకాశం నూటికి నలభై పైమాటే అని అందులో చూపించారు. లా చదివేవాళ్లు తీర్పు చదివి అనుబంధం వదిలేస్తారు. వదలకండి.

డీఎన్‌ఏ విషయానికి వస్తే, ఇప్పటి పూర్తి ప్రొఫైల్స్ ఇచ్చే అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. వంద కోట్లకి ఒకటి, ఇంకా పెద్దవీ వస్తాయి. ఆ అంకె తప్పని నేననను. అది ఏ ప్రశ్నకి జవాబు అని అడుగుతాను. నిందితుడితో సంబంధం లేని ఒక పరాయి వ్యక్తికి కాకతాళీయంగా అదే ప్రొఫైల్ ఉండే అవకాశం అది. సొంత తమ్ముడికి కాదు, తమ్ముడి లెక్క వేరు, అక్కడ అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ల్యాబ్‌లో శాంపిల్ గొట్టాలు తారుమారయ్యే అవకాశం కూడా అందులో లేదు. ఒక ల్యాబ్‌లో శాంపిల్ మారడమో కలుషితం కావడమో వెయ్యిసార్లలో ఒకసారి జరుగుతుందనుకుందాం, ఊరికే ఉదాహరణకి. అప్పుడు ‘అతనిది కాకపోయినా సరిపోలింది అని రిపోర్టు వచ్చే అవకాశం’ ఎంత? వెయ్యికి ఒకటి. వంద కోట్లలో ఒకటి అనేది దాని పక్కన చేరి కనబడకుండా పోతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. జర్మనీలో హైల్‌బ్రాన్ అనే ఊళ్లో 2007లో ఒక పోలీసు అధికారిణి హత్య జరిగింది. అక్కడ దొరికిన ఒక స్త్రీ డీఎన్‌ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో సుమారు నలభై నేరాల్లో దొరికింది. హత్యలు, దొంగతనాలు, ఒకదానికొకటి పొంతన లేదు. ఆమె కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్‌ఏ శాంపిల్ తీసే దూది పుల్లలు ప్యాక్ చేసిన కార్మికురాలిది. పుల్లలు స్టెరైల్ చేసినవే. క్రిములు చచ్చాయి, డీఎన్‌ఏ మాత్రం మిగిలింది.

ల్యాబ్ వాళ్లు ఇంకో కేసు తప్పకుండా చదవాలి. 2012లో కాలిఫోర్నియాలో ఒక సంపన్నుణ్ణి ఇంట్లోకి చొరబడి చంపారు. మృతుడి గోళ్ల మీద దొరికిన డీఎన్‌ఏ ఒక నిరాశ్రయుడితో సరిపోలింది. అతన్ని నెలల తరబడి జైల్లో పెట్టారు. తీరా చూస్తే ఆ రాత్రి అతను మద్యం మత్తులో ఆస్పత్రిలో ఉన్నాడు, రికార్డు ఉంది. అతన్ని ఆస్పత్రికి చేర్చిన అంబులెన్స్ సిబ్బందే (పారామెడిక్స్) కొన్ని గంటల తర్వాత మృతుడి ఇంటికీ వెళ్లారు. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే క్లిప్ ద్వారా డీఎన్‌ఏ చేరి ఉంటుందని భావించారు.

ఇక్కడ ల్యాబ్ తప్పు చేయలేదు. ఆ డీఎన్‌ఏ నిజంగా అతనిదే. ‘ఎవరిది’ అన్న ప్రశ్నకి జవాబు కరెక్టు. ‘ఎలా వచ్చింది’ అన్నది వేరే ప్రశ్న. కోటానుకోట్ల అంకె మొదటి ప్రశ్నది, దాన్ని రెండో ప్రశ్నకి వాడేశారు. పరీక్షలు ఎంత సున్నితమైతే, నాలుగు కణాలున్నా ప్రొఫైల్ వచ్చేస్తుంటే, ‘ఎవరిది’ అన్నది అంత తేలికవుతుంది, ‘ఎలా వచ్చింది’ అన్నది అంత కష్టమవుతుంది. రాబోయే కాలంలో అసలు పోట్లాట అక్కడే.

వేలిముద్రల వాళ్లు మాకు ఈ గోల లేదనుకుంటారు. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక, డిటొనేటర్లున్న సంచి మీద దొరికిన ముద్ర అమెరికాలోని ఒక లాయర్‌దని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చింది. ఒకరి తర్వాత ఒకరు అనుభవజ్ఞులైన పరీక్షకులు అవునన్నారు. ఆ లాయర్‌ని రెండు వారాలు నిర్బంధంలో ఉంచాక స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర ఒక అల్జీరియా వ్యక్తిదని తేల్చారు. తర్వాత జరిగిన సమీక్షలో బయటపడ్డ విషయం నాకు ముఖ్యం. లాయర్ ముద్రలో గీతలు చూశాక, వాటినే మసకగా ఉన్న ముద్రలో కూడా ‘చూశారు’. అలా చేస్తే ‘చేయకపోయినా దొరికేదా’ అన్న ప్రశ్నకి ప్రాణమే ఉండదు. ఎవరి ముద్ర పక్కన పెట్టినా పోలికలు వచ్చేస్తాయి.

ఇక కోర్టులు ఈ లెక్కని ఎలా తీసుకున్నాయి? 1904లోనే ఫ్రాన్స్‌లో, గూఢచారి అని నింద పడ్డ సైనికాధికారి డ్రేఫస్ కేసులో, పోలీసు నిపుణుడు బెర్తియాన్ వేసిన చేతిరాత లెక్కల్ని పువాంకరేతో సహా ముగ్గురు గణితవేత్తలు తూర్పారబట్టారు. ఇంగ్లండ్‌లో 1990లలో ఒక అత్యాచారం కేసులో డీఎన్‌ఏ 20 కోట్లకి ఒకటి అంది, బాధితురాలు మాత్రం నిందితుణ్ణి గుర్తుపట్టలేదు. డిఫెన్స్ తరఫున పీటర్ డానెలీ అనే గణాంకవేత్త జ్యూరీకి బేయస్ పద్ధతి నేర్పి, ఒక్కో సాక్ష్యానికీ అంకె వేసుకోమన్నాడు. జ్యూరీ దోషి అనే చెప్పింది. అప్పీల్ కోర్టు మాత్రం మనుషులు లోకజ్ఞానంతో తేల్చాల్సినదాన్ని ఫార్ములాలో పెట్టొద్దని కోప్పడింది.

నా అభిప్రాయం చెప్పాలంటే, కోర్టు మాటలో సగం న్యాయముంది. ‘ఆమె గుర్తుపట్టలేదు’ అన్నదానికి జ్యూరీ సభ్యుడు ఏ అంకె వేస్తాడు? మూడా, ముప్ఫయ్యా? ఏదో ఒకటి వేసి క్యాలిక్యులేటర్ నొక్కితే వచ్చిన దశాంశాలకి లేని గౌరవం వస్తుంది. కానీ ఫార్ములా వద్దన్నంత మాత్రాన తర్కం పోదు. జ్యూరీ అయినా జడ్జి అయినా మనసులో ఎలాగూ తూకం వేస్తారు. కనీసం సాక్ష్యం ఇచ్చే శాస్త్రవేత్త ‘సరిపోలింది’ అనో ‘పొసగుతోంది’ అనో ఆగిపోకూడదు, ‘చేయకపోయినా దొరికేదా’ అన్నదానికీ జవాబు చెప్పాలి, తెలిసినంత మేరకే. 2015లో ఎఫ్‌బీఐ తన పాత వెంట్రుకల పరీక్షల్ని తిరగేసింది. నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన 268 విచారణల్లో 257 చోట్ల నిపుణులు సైన్సు చెప్పగలిగినదానికన్నా ఎక్కువే చెప్పారు. నూటికి తొంభై ఆరు.

ప్రశ్నలకి టైమ్ ఇస్తానన్నాను. చెప్పమ్మా.

(ప్రశ్న: అనుమానితుడే లేకుండా, పోలీసుల డీఎన్‌ఏ డేటాబేస్‌లో వెతికితే దొరికినవాడి సంగతేమిటి సార్?)

అలాంటి కేసులో మిగతా ఆధారాలు శూన్యం అని గుర్తుపెట్టుకో. సరిపోలడమే కేసంతా. ప్రొఫైల్ పూర్తిగా ఉంటే ఇబ్బంది తక్కువ, సగమే ఉంటే చిక్కు. 1999లో ఇంగ్లండ్‌లో ఒక దొంగతనంలో డేటాబేస్ పట్టిచ్చిన మనిషి ఇల్లు నేరం జరిగిన చోటుకి రెండొందల మైళ్ల దూరం. పైగా పార్కిన్సన్స్ జబ్బు ముదిరి సరిగ్గా నడవలేడు. డీఎన్‌ఏలో ఆరు చోట్ల సరిపోలింది, 3 కోట్ల 70 లక్షలకి ఒకటి అన్నారు. ఇంకో నాలుగు చోట్ల కూడా పరీక్షిస్తే అతను కాదని తేలింది. మిగతా ఆధారాలన్నీ కాదంటుంటే, అంకె అవునంటోందని ఆగకుండా ఇంకా పరీక్షలు చేయించాలి.

వెనక నుంచి? కొంచెం గట్టిగా, బాబూ.

(ప్రశ్న: నేను జూనియర్ లాయర్ని. నిపుణుణ్ణి క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు ఈ లెక్కలన్నీ నాకు రావు. ఏం అడగాలి?)

లెక్క నువ్వు చేయక్కర్లేదు, ఆయన చేత చేయించు. ‘నా క్లయింటు ఇది చేయలేదనుకుంటే, మీకు ఇదే ఫలితం వచ్చే అవకాశం ఎంత?’ అని అడుగు. జవాబు ‘చాలా తక్కువ’ అయితే, ఆ తక్కువ ఎవర్ని పరీక్షించి తెలుసుకున్నారు, ఎంతమందిని అని అడుగు. అనుభవం మీద చెబుతున్నానంటే, ఆ అనుభవంలో తప్పయినవి ఎన్ని, తప్పని తెలిసే దారి ఏముంది అని అడుగు. చివరగా, ఘటనాస్థలం నుంచి వచ్చిన మరకలో ఏమేం ఉన్నాయో ఆయన రాసి పెట్టుకున్నది నీ క్లయింటు శాంపిల్ చూడకముందా, చూశాకా? తేదీ, టైముతో అడుగు. రిపోర్టులో లేకపోతే ల్యాబ్ నోట్స్ తెప్పించమని పిటిషన్ వెయ్యి.